తోలు వాషరుకు రెండు తాళాలు

1981 మార్చి 2, సోమవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలకు కాజీపేట జంక్షన్‌లో రైలు దిగాను. రైలు ముప్పై ఐదు నిమిషాలు ఆలస్యం. సామాను మూడు శాల్తీలు: నల్ల ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, నీళ్ల సీసా. నాకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. సైనిక నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంటుని. భుజాల మీద రెండేసి నక్షత్రాలు. చేతిలో ఆర్డరు కాగితం. వరంగల్ దగ్గరి తాత్కాలిక శిబిరంలో ఆపరేషన్ డేరా బాధ్యత నాది అని అందులో ఉంది.

నేను పుట్టింది హనుమకొండలో. సైన్యంలో చేరిన ఐదేళ్లకు నన్ను పంపిన చోటు మా ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. ఈ మాట చెబితే మా కాలనీ ఆడవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. మంచుకొండలు లేవా, ఫిరంగులు లేవా అని అడుగుతారు. ఫిరంగులు ఉన్నాయి. రాతిగుట్టల అవతల రోజూ ఉదయం ఆరు నుంచి పది వరకు శిక్షణ కాల్పులు జరిగేవి. మా డేరా గుంజలు కదిలేవి. కానీ ఆ నూట ఇరవై ఒక్క రోజుల్లో నాకు గుర్తున్న పోరాటం ఫిరంగులతో జరిగింది కాదు. ఒక బోరింగుతో జరిగింది. మా వైపు చేతిపంపును బోరింగు అంటారు.

స్టేషన్ నుంచి శిబిరానికి జీపులో యాభై నిమిషాలు. చివరి మూడు కిలోమీటర్లు రోడ్డు లేదు, ఎర్రమట్టి, గులకరాళ్లు. శిబిరంలో పన్నెండు వందల మంది. మా వైద్య దళంలో ముప్పై నలుగురం. ఆపరేషన్ డేరా ఇరవై ఎనిమిది అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పు, రెండు పొరల గుడ్డ. మధ్యాహ్నం రెండింటికి లోపల ఉష్ణమాపకం 39 చూపించింది. మార్చి రెండో తేదీన.

మేజరు గారు మా దళానికి అధికారి. డాక్టరు. మీసాలు కత్తెరతో కొలిచి కత్తిరించుకునే మనిషి. నన్ను చూసి మొదట అడిగిన ప్రశ్న, "సిస్టర్, మీకు లెక్కలు వచ్చా?"

"వచ్చు సర్."

"అయితే యంత్రాల రిజిస్టరు కూడా మీరే రాయండి."

అలా నాకు రెండో పని తగిలింది. హిందీలో జరిగిన మాటలన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

రిజిస్టరులో పదకొండు వస్తువులు. జనరేటర్లు రెండు. అంబులెన్స్ ఒకటి. ఆపరేషన్ దీపం, రక్తం పీల్చే యంత్రం, స్టెరిలైజరు, కిరోసిన్ పొయ్యి, ఫ్యాన్లు, మందుల ఫ్రిజ్జు, ఫీల్డ్ టెలిఫోను. చిట్టచివర పదకొండోది, బోరింగు. ఇన్నింటినీ బాగు చేసే మనిషి ఒక్కడే. ఫిట్టరు. నాయక్ ర్యాంకు. వయసు ముప్పై మూడు. నెక్కొండ వాడు. మాట మా వైపు మాటే కావడంతో మొదటి రోజే నన్ను సిస్టరమ్మా అన్నాడు. స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకునేవాడు, కంసాలి పెన్సిలు పెట్టుకున్నట్టు.

ఫిట్టరుకు వారానికి నలభై గంటల పని. ఆ గంటలను మేజరు గారు ఇలా పంచారు: జనరేటర్లకు 22, అంబులెన్సుకు 10, దీపాలకు, ఫ్యాన్లకు 5, స్టెరిలైజరుకు 3, బోరింగుకు 0. జనరేటర్లకు అన్ని గంటలు ఎందుకంటే అవి తరచూ చెడేవి. చెడినప్పుడు పెద్ద చప్పుడు చేసి, నల్లటి పొగ వదిలి, అందరికీ తెలిసేలా చెడేవి.

మార్చి 14, శనివారం, బోరింగు చెడింది. లోపల తోలు వాషరు అరిగిపోయింది. అది కాఫీ సాసరంత ఉండే తోలు ముక్క. దాన్ని మార్చాలంటే పన్నెండు ఇనుప కడ్డీలు, ఒక్కొక్కటి పది అడుగులది, బోరులోంచి పైకి లాగాలి. నలుగురు లాగాల్సింది. ఆ రోజు మిగతావాళ్లు పరేడ్‌లో ఉన్నారు. ఫిట్టరు, ఒక వంటవాడు ఇద్దరే లాగారు. సాయంత్రం ఫిట్టరు గజ్జల దగ్గర చేయి పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, ఇక్కడ ఏందో కోడిగుడ్డు లెక్క ఉబ్బింది."

హెర్నియా. ఆపరేషన్ తప్ప మందు లేదు.

ఇక్కడ ఒక తేదీ చెప్పాలి. జూన్ 8. ఆ రోజు సికిందరాబాదులో ఫిట్టరుకు ప్రమోషన్ బోర్డు. నాయక్ నుంచి హవల్దారు. శరీరం పూర్తిగా బాగున్నవాడినే బోర్డు తీసుకుంటుంది. అదే అతని ఆఖరి అవకాశం, ఆ ఏడాది దాటితే నాయక్‌గానే ఇంటికి. పరీక్షలు అన్నీ అయిపోయాయి. మిగిలింది శరీరం ఒక్కటే. కుట్టు గట్టిపడటానికి ఆరు వారాలు కావాలని సర్జన్ చెప్పారు. సర్జన్ లెఫ్టినెంట్ కర్నల్, పొడుగు మనిషి, తక్కువ మాట. సికిందరాబాదు నుంచి గురువారం మాత్రమే వచ్చేవారు. పొద్దున రైలులో వచ్చి, మధ్యాహ్నం 3.30 రైలులో వెళ్లేవారు. జూన్ 8 నుంచి ఆరు వారాలు వెనక్కి లెక్కపెడితే ఏప్రిల్ 27. దానికి ముందు వచ్చే ఆఖరి గురువారం ఏప్రిల్ 23. ఈ లెక్క మార్చి 26న చేసి ఫిట్టరు చేతికి ఇచ్చాను. అతను దాన్ని మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

మొదటి వంతు ఏప్రిల్ 2. ఉదయం 8.10కి స్టెరిలైజరు మూత రబ్బరు రింగు పగిలింది. ఆవిరి ఈల వేసుకుంటూ పోయింది. కత్తులు ఉడకలేదు. రింగు మార్చేసరికి పన్నెండున్నర. సర్జన్ అత్యవసరమైన రెండు కేసులు చేసి రైలెక్కారు. ఆ రింగు మార్చింది ఎవరో చెప్పనక్కర్లేదు.

రెండో వంతు ఏప్రిల్ 9. ఉదయం 7.20కి బోరింగు చెడింది. ఈసారి పన్నెండింటికి పరేడ్ అయ్యాక దొరికిన నలుగురు లాగారు, ఫిట్టరు పక్కన నిలబడి చెప్పాడు. వాషరు మార్చి, కడ్డీలు దించేసరికి 2.15. సర్జన్ గడియారం చూసుకున్నారు. నన్ను చూశారు. జీపెక్కారు.

ట్యాంకరు నీళ్లు లేవా అంటారేమో. ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి వచ్చేవి, తాగడానికి, వంటకు. నిల్వ నీళ్లు ఆపరేషన్‌కు వాడరాదని మేజరు గారి ఆర్డరు. కాబట్టి ఆపరేషన్ డేరాకు అప్పటికప్పుడు కొట్టిన బోరింగు నీళ్లే.

ఆ మధ్యాహ్నమే కూర్చుని లెక్క మొదలుపెట్టాను. వార్డులో నేను నేర్చుకున్నది ఒకటుంది. గట్టిగా మూలిగే రోగి దగ్గరికి అందరూ పరిగెత్తుతారు. చప్పుడు చేయని రోగిని ఎవరో ఒకరు చూడాలి. యంత్రాలకూ అదే వర్తిస్తుందా అని చూశాను. మార్చి 4 నుంచి ఏప్రిల్ 8 వరకు 36 రోజులు. ఒక్కో జనరేటరు అందులో 9 రోజులు పడుకుంది. అంటే నాలుగింట ఒక రోజు. ఎక్కువే. కానీ ఒక్క ఆపరేషన్ కూడా వాటివల్ల ఆగలేదు. ఒకటి పడుకుంటే రెండోది లేచేది.

అందుకని ప్రతి వస్తువునూ రెండు ప్రశ్నలు అడిగాను. నువ్వు అసలు చెడవు అనుకుంటే నూరు రోజుల్లో ఎన్ని రోజులు ఆపరేషన్ జరుగుతుంది? నువ్వు అసలు లేవు అనుకుంటే ఎన్ని రోజులు జరుగుతుంది? ఈ రెండింటి తేడా ఆ వస్తువు విలువ. ఒక జనరేటరు ఎప్పుడూ చెడకపోతే నూరు రోజులూ కరెంటు ఉంటుంది. అది అసలు లేకపోతే రెండోది డెబ్బై ఐదు రోజులు ఆదుకుంటుంది. తేడా 25. బోరింగు ఎప్పుడూ చెడకపోతే, లెక్క ప్రకారం రెండు జనరేటర్లూ ఒకేసారి పడుకోగల ఆరు రోజులు (నాలుగో వంతులో నాలుగో వంతు) పోను 94 రోజులు ఆపరేషన్ జరుగుతుంది. బోరింగు లేకపోతే సున్నా. తేడా 94. మిగతావన్నీ బాగున్నాయనుకుని వేసిన లెక్క ఇది, అది కూడా కింద రాశాను.

జనరేటరు కన్నా తోలు వాషరు దాదాపు నాలుగు రెట్లు ముఖ్యం. దానికి కేటాయించిన గంటలు సున్నా.

ఏప్రిల్ 10న రెండు పుటల నివేదిక ఇచ్చాను. గంటలు మార్చమన్నాను: జనరేటర్లకు 12, అంబులెన్సుకు 8, దీపాలకు 4, స్టెరిలైజరుకు 8, బోరింగుకు 8. ఒక డ్రమ్ము నిండా నీళ్లు ఎప్పుడూ ఉంచాలన్నాను. వాషర్లు, రింగులు చాలా ముఖ్యమైనవని, ఒక గీత గీసి మరీ రాశాను. ఆ గీతే కొంప ముంచింది.

మేజరు గారు రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీశారు. "సిస్టర్, కళ్లు తెరిపించారు," అన్నారు. గంటల పట్టిక మీద 'సరే' అని రాశారు. డ్రమ్ము మీద 'తర్వాత చూద్దాం' అని రాశారు. వాషర్ల మీద ఇంకేదో పొడుగ్గా రాశారు. అది మర్నాడు తెలిసింది.

సైన్యంలో ముఖ్యమైన వస్తువుకు ఒక మర్యాద ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

ఏప్రిల్ 11, శనివారం, పొద్దున తొమ్మిదింటికి స్టోర్ హవల్దారు నా దగ్గరున్న మూడు వాషర్లూ, రెండు రింగులూ సంతకం పెట్టించుకుని తీసుకెళ్లాడు. ఉక్కు పెట్టెలో పెట్టాడు. రెండు తాళాలు వేశాడు. ఒక తాళంచెవి తన నడుముకు, ఇంకో చెవి మేజరు గారి జేబుకు. బోరింగు చుట్టూ రాళ్లు పేర్చి సున్నం కొట్టారు. పిడికి ఎర్ర రంగు వేశారు. ఒక సెంట్రీని పెట్టారు, రైఫిలుతో. అతనికి ఒక ఫీల్డ్ టెలిఫోను ఇచ్చారు. గంటకోసారి బోరింగు క్షేమ సమాచారం చెప్పాలి.

ఈ ఏర్పాటులో అందరికన్నా నష్టపోయింది ఎల్లవ్వ. గుట్ట కింద నాలుగైదు ఇళ్లున్నాయి. ఆ ఇళ్లకూ ఆ బోరింగే దిక్కు. ఎల్లవ్వ అరవై ఏళ్ల మనిషి, రోజూ మూడు బిందెలు కొట్టుకునేది. ఏప్రిల్ 8 సాయంత్రం ఆమే ఫిట్టరుతో అన్నది నేను విన్నాను.

"కొడుకా, బోరింగు గురక వెడ్తాంది. ఎప్పుడు ఇరవై కొడితే బిందె నిండేది. ఇయాల ముప్పై అయింది."

"నువ్వు ముసలైనవ్ అవ్వా, చేతుల సత్తువ లేదు."

"నా చేతుల సత్తువ నీకెందుకురా. నీ బోరింగు సంగతి జూసుకో."

మర్నాడు పొద్దున 7.20కి అది చెడింది. అంటే ఆమెకు పన్నెండు గంటల ముందే తెలుసు. ఆమె చేతి లెక్క నా రిజిస్టరు కన్నా మెరుగు. బిందె నిండటానికి పిడిని ఎన్ని పోట్లు కొట్టాలో రోజూ రాసుకుంటే వాషరు ఎంత అరిగిందో కడ్డీలు లాగకుండానే తెలుస్తుంది. అదీ నివేదికలో రాశాను. కానీ సెంట్రీకి ఇచ్చిన ఆర్డరులో బయటివాళ్లు రాకూడదని ఉంది. ఎల్లవ్వ బయటి మనిషి. మావాళ్లు పిడి కొట్టినా పోట్లు ఎవరూ లెక్కపెట్టలేదు. ఆమె అర కిలోమీటరు అవతలి బావికి పోవడం మొదలుపెట్టింది. పోతూ పోతూ సెంట్రీని తిట్టేది. అతనిది ఉత్తరాది. అవి ఆశీర్వచనాలు అనుకుని తల ఊపేవాడు.

మూడో వంతు ఏప్రిల్ 16. ఆ రోజు అన్నీ పనిచేశాయి. బోరింగు, స్టెరిలైజరు, రెండు జనరేటర్లూ. కానీ బ్రిగేడియర్ గారి తనిఖీ. తనిఖీ రోజున ఆపరేషన్ డేరాలో ఆపరేషన్ చేయరు. చేస్తే డేరా పాడవుతుంది. తెల్ల దుప్పటి మీద కత్తులు వరసగా పరిచాం. ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద మూడు తోలు వాషర్లు పెట్టారు. తోలు మెరవాలని స్టోర్ హవల్దారు వాటికి బూటు పాలిష్ పట్టించాడు. బ్రిగేడియర్ గారు ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఏ పతకం ఇది?" అని అడిగారు. మేజరు గారు నివేదిక గురించి ఏడు నిమిషాలు చెప్పారు. సర్జన్ ఆ ఏడు నిమిషాలూ డేరా కప్పు వంక చూస్తూ నిలబడ్డారు. గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే పెద్ద గురువారం అది. సాయంత్రం ఆరాధనకు హనుమకొండ వెళ్లాను. ఏం ప్రార్థించానో ఇక్కడ రాయను. ఒక తేదీ మాత్రం ఉంది అందులో.

ఏప్రిల్ 23, గురువారం. ఆఖరి రోజు. ఉదయం 9.20. ఫిట్టరు బల్ల మీద పడుకున్నాడు. ఒంటి మీద ఆకుపచ్చ గౌను, వెనక నాడాలు. క్షవరం అయింది. వెన్నులో మందు ఎక్కించే సూది సిద్ధం. సర్జన్ మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్నారు. బయట వార్డు మనిషి బోరింగు కొడుతున్నాడు, గొట్టం ద్వారా నీళ్లు తొట్టిలో పడాలి.

9.35కి తొట్టిలో చుక్క పడటం ఆగింది. సర్జన్ చేతులు పైకెత్తి, మోచేతుల నుంచి నురగ కారుతూ, అలాగే నిలబడ్డారు.

నేను టెలిఫోను తిప్పాను.

"బోరు పోస్టు."

"నీళ్లెందుకు రావడం లేదు?"

"బోరు క్షేమం సిస్టర్. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు."

"నీళ్ల సంగతి చెప్పు."

"నీళ్ల గురించి నాకు ఆర్డరు లేదు సిస్టర్."

వాషరు పోయిందని బల్ల మీదున్న మనిషే ముందు చెప్పాడు, చప్పుడు విని. స్టోరుకు మనిషిని పంపాను. స్టోర్ హవల్దారు తన తాళంచెవి పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. రెండో చెవి మేజరు గారి జేబులో ఉంది. మేజరు గారు పంటి నొప్పికి హనుమకొండ వెళ్లారు. 8.30కి బయల్దేరారు. మధ్యాహ్నం దాకా రారు.

"తాళం పగలగొట్టు," అన్నారు సర్జన్.

"సర్, అది ముఖ్యమైన వస్తువు. పగలగొడితే విచారణ వస్తుంది."

"లోపల ఏముంది?"

"తోలు ముక్కలు సర్."

"తోలు ముక్కలకు విచారణా?"

"సిస్టర్ గారి నివేదిక ఉంది సర్," అన్నాడు హవల్దారు. నా వైపు చాలా గౌరవంగా చూశాడు.

ఫిట్టరు లేచి కూర్చున్నాడు. కాళ్లు కిందికి వదిలాడు.

"పండుకో," అన్నాను.

"ఏం పండుకోవాలె సిస్టరమ్మా. గీ రోజు పోతే మల్ల రాదు. మీరే రాసిచ్చిండ్రు గద. నలుగురిని పిలువున్రి. కడ్డీలు గుంజమను. వాషరు నేను జేస్త."

"దేంతో చేస్తావ్?"

అతను డేరా అంతా చూశాడు. చూపు సర్జన్ గారి పెట్టె మీద ఆగింది. మందపాటి తోలు పెట్టె, పాత కాలందనుకుంటా. మూతకు ఒక పొడుగు మడత ఉంది. సర్జన్ ఆ చూపు చూశారు. తువాలుతో సబ్బు తుడుచుకున్నారు. మూడు గురువారాలు ఈ ఆపరేషన్ చేయకుండానే రైలెక్కిన మనిషి ఆయన. పెట్టెలోని కాగితాలు నా చేతిలో పోశారు.

పెద్ద కత్తెర తోలును కొరకలేదు. అప్పుడు సర్జన్ తన కత్తి తీశారు. ఏప్రిల్ 9న తీసేసిన అరిగిన వాషరును నమూనాగా పెట్టుకున్నారు. బల్ల దగ్గర ఇద్దరూ వంగారు. ఫిట్టరు తెలుగులో, హిందీలో కలిపి చెబుతున్నాడు.

"ఇంకా జర లోపలికి సార్. గట్ల కాదు, గుండ్రంగ. చెయ్యి వణుకుతాంది సార్ మీకు."

"ముప్పై ఏళ్లుగా ఎవరూ ఈ మాట అనలేదు నాతో."

"మనుషులకు కొద్దిగ అటిటు అయినా మానుతది సార్. తోలు మానదు."

10.40కి వాషరు తయారైంది. కొబ్బరినూనెలో నానబెట్టి, గ్లాసు అడుగున ఒత్తి గిన్నెలా చేశాడు. బయటికి నడిచాడు. దుప్పటి కప్పుకోమని ఇచ్చాను. వద్దన్నాడు, కడ్డీలకు అడ్డం పడుతుందని. నలుగురు లాగారు. అతను చేయి వేయబోయినప్పుడల్లా సర్జన్ వెనక నుంచి, "నువ్వు చెయ్యి పెట్టకు, నోరు పెట్టు," అన్నారు. మా వైద్య దళం మొత్తం చుట్టూ చేరింది. సున్నం కొట్టిన రాళ్ల అవతల నిలబడి ఎల్లవ్వ కూడా చూసింది.

"మూడొద్దుల సంది జెప్తాన గీ తుపాకి పిలగానికి. నీళ్లు గుంజుతలేదు, కొట్టేటోడు చెమటలు గక్కుతాండు అని. తల ఊపుతడు గని ఇనడు."

"నువ్వేమన్నవో వానికి ఎర్కలేదవ్వా," అన్నాడు ఫిట్టరు.

"గౌను ఎనక ముడి ఏసుకో ముందు. అందరు జూస్తాండ్రు."

11.50కి వాషరు అమర్చారు. 12.05కి నీళ్లు పడ్డాయి. బిందెకు ఇరవై రెండు పోట్లు, లెక్కపెట్టాను. కత్తులు మళ్లీ ఉడికించాం, నలభై ఐదు నిమిషాలు. 1.15కి సర్జన్ కోత పెట్టారు. 2.05కి ఆఖరి కుట్టు. 2.40కి జీపులో కాజీపేటకు బయల్దేరారు, కాగితాలు ఒక దిండు గలీబులో వేసుకుని. మేజరు గారు 2.55కి వచ్చారు, దవడ వాచి. ఏం జరిగిందని అడిగితే మాట సరిగ్గా పలకలేదు. అందుకని నేనే రెండుసార్లు చెప్పాను.

ఆయన చెడ్డమనిషి కాదు. మర్నాడే తాళాలు తీయించారు. సెంట్రీని తీసేశారు. డ్రమ్ము పెట్టించారు. ఎల్లవ్వను రానిచ్చారు. బిందెకు ఎన్ని పోట్లో ఆమెను అడిగి రాసుకోమన్నారు. ఇరవై ఐదు దాటితే మర్నాడే వాషరు మార్చాలని నియమం పెట్టాం. ఆ తర్వాత మా గురువారాలు ఏ యంత్రంవల్లా ఆగలేదు.

కానీ ఆయనకు నా లెక్క మీద నమ్మకం పోలేదు. పెరిగింది. మే 4, సోమవారం, నన్ను పిలిచారు.

"సిస్టర్, ఈసారి పూర్తి జాబితా కావాలి. ఏది లేకపోతే మన పని ఆగుతుందో అది నా సంతకం లేకుండా శిబిరం దాటకూడదు. జూన్ ఆఖరి వరకు."

ఆ రోజు నా లెక్కలో ఒక తప్పు బయటపడింది. పదకొండు వస్తువులు రాశాను, మనిషిని రాయలేదు. ఇప్పుడు పన్నెండో వరసలో ఫిట్టరును పెట్టి చూశాను. అతను శిబిరంలో ఉన్న రోజుల్లో చెడిన వస్తువు సగటున మూడు గంటల్లో లేచింది. మార్చి 19 నుంచి 22 వరకు అతను సెలవు మీద నెక్కొండలో ఉన్నాడు. ఆ నాలుగు రోజుల్లో చెడిన ఒక జనరేటరు, ఒక ఫ్యాను, కిరోసిన్ పొయ్యి, అతను తిరిగి వచ్చేదాకా లేవలేదు. జనరేటరుకు జోడు ఉంది. అతనికి లేదు. ఏ వస్తువును ఎలా లెక్కగట్టినా పన్నెండో వరసే అన్నింటికన్నా పైకి వచ్చింది. లెక్క నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే.

ఆ వరస నివేదికలోకి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. అతనికి తాళం పడుతుంది. జూన్ 8న సికిందరాబాదులో అతని పేరు పిలుస్తారు, అతను ఇక్కడ జనరేటరు గొట్టం ఊదుతూ ఉంటాడు.

నేను లెక్కలో అబద్ధం రాసిన మనిషిని కాదు. ఆ రోజూ రాయలేదు. పదకొండు వరసలే రాసి ఇచ్చాను.

మేజరు గారు చదివారు. "ఇంతేనా?"

"ఇంతే సర్."

"ఆ ఫిట్టరు బోర్డుకు వెళ్తానంటున్నాడు. మనకు ఇబ్బంది ఉంటుందా?"

"పెద్దగా ఉండదు సర్."

నోటితో చెప్పిన అబద్ధం అదొక్కటి. తేదీ పైన ఉంది.

మూడు రోజులకు ఫిట్టరు నా డేరా ముందుకు వచ్చి నిలబడ్డాడు. కుట్టు మీద చేయి. ముఖం ముడుచుకుని ఉంది.

"సిస్టరమ్మా, జాబితా రాసిండ్రంట."

"రాసిన."

"తోలు ముక్క ఉన్నదంట. రబ్బరు రింగు ఉన్నదంట. కిరోసిన్ పొయ్యి సుత ఉన్నదంట."

"ఉన్నయ్."

"నేను లేనంట. పద్నాలుగేండ్ల నౌకరి. పొయ్యికున్న ఇలువ లేదా నాకు?"

అతనితో మాట్లాడితే నాకూ ఇంటి భాషే వచ్చేది. "జాబితల ఉన్నది ఏది గూడ గేటు దాటొద్దు. గది ఆర్డరు. నీకు జూన్ల ఏం పని ఉన్నది?"

అతనికి అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. ఆ తర్వాత నవ్వాడు. నవ్వితే కుట్టు లాగింది. కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. వార్డు మనిషి వచ్చి ఏమైందని అడిగితే కుట్టు నొప్పి అని చెప్పాం.

జూన్ 6, శనివారం, అతను వెళ్లాడు. జూన్ 9 పొద్దున 11 గంటలకు టెలిఫోను మోగింది.

"సికిందరాబాదు నుంచి సందేశం. ఫిట్టరు పాసు. హవల్దారు. అక్కడి నుంచే కొత్త యూనిట్‌కు. తిరిగి రాడు."

"మళ్లీ చెప్పండి."

"పాసు. తిరిగి రాడు."

మేజరు గారు ఆ మాట విని, బాగుంది, మనవాడు అన్నారు. అప్పుడే రెండో జనరేటరు ఆగింది. అది మళ్లీ లేవలేదు. మిగిలిన మూడు వారాలు ఒక్క జనరేటరుతో, ఎల్లవ్వ లెక్కతో గడిపాం. బూటు పాలిష్ పట్టిన మూడు వాషర్లూ గట్టిపడి పనికిరాలేదు, జూన్ 17న కొత్తది నేనే కోశాను. రెండు గంటలు పట్టింది. రెండోసారికి కుదిరింది.

జూన్ 30, మంగళవారం, శిబిరం ఎత్తేశారు. సాయంత్రం 4.10కి కాజీపేటలో రైలెక్కాను. సామాను మూడు శాల్తీలే. ఆ తర్వాత మరో పదకొండేళ్లు సర్వీసు చేశాను. పెద్ద ఆసుపత్రులు చూశాను, నల్లాల నుంచి నీళ్లు వాటంతట అవే వచ్చేవి. అయినా నల్లా తిప్పినప్పుడు ఒక దృశ్యం వస్తుంది. ఏప్రిల్ 23, పన్నెండు దాటి ఐదు నిమిషాలు. మొదటి నీళ్లు పడ్డాయి. ఫిట్టరు రెండు చేతులూ దోసిలి పట్టి ముఖం కడుక్కున్నాడు. వడగాలికి వెనక గౌను రెండు వైపులా లేచింది. ఏం చేయాలో తెలియక సెంట్రీ అటెన్షన్‌లోకి వచ్చి, రైఫిలు ఎత్తి, అతనికి సెల్యూట్ కొట్టాడు. ఎండలో ఆ గౌను ఆకుపచ్చగా కొట్టుకుంటూనే ఉంటుంది. అతను వెనక్కి తిరగడు.

ఆ నూట ఇరవై ఒక్క రోజుల్లో పోయినవి: గురువారాలు మూడు. తోలు వాషర్లు ఎనిమిది, బూటు పాలిష్‌కు పోయిన మూడు, నేను పాడుచేసింది కలిపి. రబ్బరు రింగు ఒకటి. జనరేటరు ఒకటి. సర్జన్ గారి పెట్టె మూత. మేజరు గారి పన్ను, ఎడమ వైపు, కింది వరస. ఫిట్టరు ఒకరు. ప్రాణాలు ఏమీ పోలేదు.